అరచేతిలో టీవీ – గాలిలో చాటింపు

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక కొత్త పని మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఒకటి ఆకాశంలో ఉంది. దాని సాయంతో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ పల్లెలు ఆరు రాష్ట్రాల్లో ఉన్నాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికి ఒక్కటే టీవీ. సాయంత్రం అయ్యేసరికి జనం దాని ముందు చేరేవారు. సేద్యం గురించి, ఆరోగ్యం గురించి చూసేవారు. ఈ పథకం ఒక ఏడాది నడిచింది.

ఆ తర్వాత టీవీ ఇంటింటికీ వచ్చింది. ఇప్పుడు అరచేతిలోకి వచ్చింది. పొలం గట్టు మీద కూర్చుని సెల్‌ఫోనులో వార్తలు చూస్తున్నారు. బస్సులో పోతూ క్రికెట్ చూస్తున్నారు.

మరి ఊరి నడుమ ఉన్న ఆ టీవీకి, చేతిలోని ఈ టీవీకి తేడా ఏమిటి? సైజు ఒక్కటేనా? కాదు. బొమ్మ మన దగ్గరికి వచ్చే దారే వేరు. ఆ దారి సంగతి తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే తుపాను వచ్చిన రోజు, ఉప్పెన వచ్చిన రోజు, ప్రాణం నిలబడేదీ పోయేదీ ఆ దారి మీదే ఆధారపడవచ్చు.

చాటింపు వేరు, ఉత్తరం వేరు

ఊరి పెద్దలు ఒక మాట అందరికీ చెప్పాలి అనుకుందాం. దానికి రెండు పద్ధతులు ఉన్నాయి.

ఒకటి ఉత్తరం. ఇంటింటికీ ఒక ఉత్తరం రాసి పంపాలి. పది ఇళ్లుంటే పది ఉత్తరాలు. వెయ్యి ఇళ్లుంటే వెయ్యి ఉత్తరాలు. ఇళ్లు పెరిగేకొద్దీ పని పెరుగుతుంది.

రెండోది చాటింపు. వీధి నడుమ నిలబడి, డప్పు కొట్టి, ఒక్కసారి చెబితే చాలు. వినేవాళ్లు పదిమంది అయినా, వెయ్యిమంది అయినా డప్పు కొట్టేవాడి శ్రమ ఒక్కటే.

రేడియో, మామూలు టీవీ చాటింపు లాంటివి. ఎత్తైన టవరు ఒకటి గాలిలోకి సిగ్నలు వదులుతుంది. టీవీ ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని చూస్తారు. ఎంతమంది చూసినా సిగ్నలు తరిగిపోదు. ఒకరు విన్నారని ఇంకొకరికి తగ్గదు.

ఇప్పుడు సెల్‌ఫోనులో మనం చూసేది ఎక్కువగా ఉత్తరం పద్ధతి. ఫోను ఇంటర్నెట్ ద్వారా బొమ్మను అడుగుతుంది. దగ్గరలో ఉన్న సెల్‌టవరు ఆ బొమ్మను ఆ ఫోనుకు పంపుతుంది. పక్కనే కూర్చున్న మనిషి కూడా అదే ఆట చూస్తుంటే అతని ఫోనుకు మళ్లీ విడిగా పంపాలి. వందమంది చూస్తే వందసార్లు పంపాలి. టవరుకు ఉన్న శక్తిని అందరూ పంచుకోవాలి. అందుకే జాతర రోజున జనం ఎక్కువైనప్పుడు బొమ్మ ఆగిపోతుంది. గిరగిర తిరిగే చక్రం కనపడుతుంది. డేటా కూడా ఖర్చవుతుంది. డేటా అయిపోతే మళ్లీ రీచార్జి చేయించాలి.

ఉత్తరం పద్ధతికి మంచి గుణం కూడా ఉంది. ఎవరికి కావలసింది వారు, కావలసినప్పుడు చూసుకోవచ్చు. చాటింపులో ఆ వీలు లేదు. చాటేవాడు చెప్పిందే వినాలి, చెప్పినప్పుడే వినాలి.

మరి చాటింపును సెల్‌ఫోను కూడా వినగలిగితే? ఇంటర్నెట్ లేకుండా, డేటా ఖర్చు లేకుండా, టీవీ టవరు నుంచి నేరుగా ఫోనుకు బొమ్మ వస్తే? కొన్ని దేశాలు ఈ పని చేసి చూపించాయి. దీన్నే చేతి పరికరాలకు డిజిటల్ టీవీ ప్రసారం అంటారు.

బొమ్మ అంకెలు ఎలా అవుతుంది?

ముందు డిజిటల్ అనే మాట చూద్దాం. డిజిటల్ అంటే అంకెలతో కూడినది.

ముగ్గు వేసేముందు చుక్కలు పెడతారు కదా. టీవీ బొమ్మ కూడా చుక్కల ముగ్గే. ఒక్కొక్క చుక్కకు ఒక రంగు, ఒక వెలుగు ఉంటాయి. ఆ రంగును, వెలుగును అంకెల్లో రాస్తారు. ఈ లెక్కలో రెండే అంకెలు ఉంటాయి. ఒకటి, సున్న. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్న అనుకోవచ్చు. బొమ్మ అంతా ఇలా ఒకట్లు, సున్నలుగా మారి గాలిలో ప్రయాణం చేస్తుంది. మన దగ్గరకు వచ్చాక మళ్లీ బొమ్మ అవుతుంది.

ఒక బొమ్మలో లక్షల చుక్కలు ఉంటాయి. సెకనుకు ఎన్నో బొమ్మలు మారుతుంటాయి. అన్నిటినీ పంపాలంటే చాలా భారం. అందుకని ఒక ఉపాయం చేస్తారు. బుర్రకథ చెబుతున్నారు అనుకుందాం. కథకుడి చేతులు కదులుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. వెనక ఉన్న తెర మాత్రం కదలదు. అలాంటప్పుడు తెరను ప్రతిసారీ పంపడం ఎందుకు? ఒకసారి పంపి, తర్వాత మారిన భాగం మాత్రమే పంపితే చాలు. దీనివల్ల భారం బాగా తగ్గుతుంది.

పాతకాలపు టీవీలో సిగ్నలు బాగా లేకపోతే తెల్లని చుక్కలు పడేవి. బొమ్మ మసకగా అయినా కనపడేది. డిజిటల్ టీవీ అలా కాదు. సిగ్నలు సరిపోతే బొమ్మ శుభ్రంగా వస్తుంది. సరిపోకపోతే ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలే రాదు.

చేతికి అందించడం ఎందుకు కష్టం?

ఇంటి టీవీకి పైకప్పు మీద పెద్ద యాంటెన్నా పెట్టవచ్చు. అది ఒకే చోట ఉంటుంది. కరెంటు తీగ నుంచి వస్తుంది. సెల్‌ఫోనుకు ఈ మూడు సౌకర్యాలూ లేవు. దాని యాంటెన్నా చిన్నది. అది మనిషితో పాటు కదులుతుంది. దాని బ్యాటరీ ఎంతోసేపు ఉండదు. అందుకే ఇంజనీర్లు మూడు ఉపాయాలు వెతికారు.

మొదటి ఉపాయం గట్టిగా, నిదానంగా చెప్పడం. ఏటి అవతల ఉన్న మనిషికి మాట చెప్పాలంటే ఏం చేస్తాం? పెద్ద పెద్ద వాక్యాలు చెప్పం. ఒక్కొక్క మాట విడదీసి అరుస్తాం. చేతి టీవీకి పంపే సిగ్నలు కూడా అలాంటిదే. తక్కువ అంకెలు పంపుతారు. కానీ తప్పు పోకుండా పంపుతారు. బొమ్మ చిన్నదవుతుంది, మాట మాత్రం చేరుతుంది.

రెండో ఉపాయం కలిపి చల్లడం. విత్తనాలన్నీ ఒకేచోట పోస్తే పిట్టల గుంపు వాలి మొత్తం తినేస్తుంది. మడి అంతా చల్లితే అక్కడొకటి, ఇక్కడొకటి పోతుంది. పంట నిలుస్తుంది. బొమ్మ అంకెలను కూడా వరుసగా పంపకుండా చెదరగొట్టి పంపుతారు. బస్సు ఒక పెద్ద భవనం పక్క నుంచి పోయేటప్పుడు సిగ్నలు క్షణం తెగవచ్చు. అప్పుడు పోయిన అంకెలు ఒకేచోటివి కావు. అక్కడక్కడ పోయిన వాటిని ఫోను లెక్క కట్టి పూరిస్తుంది. అలా పూరించేందుకు కొన్ని అదనపు అంకెలను కూడా ముందే కలిపి పంపుతారు.

మూడో ఉపాయం బ్యాటరీ ఆదా. దీన్ని యూరప్ దేశాలు వాడాయి. కాలవ నీటికి వంతు ఉంటుంది కదా. వంతు వచ్చినప్పుడు రైతు లేచి తూము దగ్గరికి పోతాడు. మిగతా సమయం నిద్రపోతాడు. యూరప్ పద్ధతిలో ఒక్కొక్క ఛానెలుకు వంతు వేసి, తక్కువ సమయంలో ఎక్కువ అంకెలు పంపేవారు. చూస్తున్న ఛానెలు వంతు వచ్చినప్పుడే ఫోనులోని టీవీ భాగం మేలుకుంటుంది. తర్వాత నిద్రపోతుంది. వచ్చిన అంకెలను దాచుకుని ఉంటుంది కాబట్టి బొమ్మ ఆగదు.

జపాన్‌లో పదమూడు మళ్లు

ఈ పనిని జనం నడుమకు బాగా తీసుకుపోయిన దేశాల్లో జపాన్ ఒకటి. జపాన్ సముద్రం నడుమ ఉన్న దీవుల దేశం. అక్కడ భూకంపాలు ఎక్కువ. భూమి కంపించిన తర్వాత సముద్రం ఊరి మీదికి వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. సునామీ అనే మాట జపాన్ మాటే. 2004 డిసెంబరు 26న సునామీ మన కోస్తాను కూడా తాకింది. అప్పటినుంచి ఆ మాట మనకూ తెలుసు.

జపాన్‌లో డిజిటల్ టీవీ ప్రసారం 2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయా ప్రాంతాల్లో మొదలైంది. ఒక్కొక్క ఛానెలుకు గాలిలో కొంత జాగా ఇస్తారు. ఆ జాగాను జపాన్ ఇంజనీర్లు 13 భాగాలు చేశారు. పొలాన్ని 13 మళ్లుగా చేసినట్టు అన్నమాట. అందులో 12 మళ్లు ఇంటి టీవీకి. సరిగ్గా నడుమ ఉన్న ఒక మడి చేతిలోని ఫోనుకు. అందుకే దానికి వన్‌సెగ్ అని పేరు పెట్టారు. ఒక భాగం అని దాని అర్థం.

వన్‌సెగ్ 2006 ఏప్రిల్ 1న మొదలైంది. ఇంటి టీవీ బొమ్మలో 15 లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. వన్‌సెగ్ బొమ్మలో అడ్డంగా 320, నిలువుగా 180 చుక్కలు ఉంటాయి. అంటే మొత్తం 57,600 చుక్కలు. సెకనుకు 15 బొమ్మలు. పెద్ద తెర మీద ఇది చాలదు. అరచేయంత తెర మీద సరిపోతుంది.

ఫోను నుంచి చిన్న యాంటెన్నా బయటికి లాగి జనం రైళ్లలో టీవీ చూశారు. కొన్ని ఫోన్లలో చెవిలో పెట్టుకునే తీగే యాంటెన్నాగా పనిచేసేది. కార్లలో దారి చూపే పెట్టెల్లో కూడా వన్‌సెగ్ పెట్టారు. చూసినందుకు డేటా ఖర్చు లేదు.

ఇంకొక విశేషం ఉంది. ఫోనును నిలువుగా పట్టుకుంటే పై సగంలో బొమ్మ, కింది సగంలో అక్షరాలు కనపడేవి. వార్తలు, వాతావరణం అక్కడ చదువుకోవచ్చు. చెవులు వినపడనివాళ్లకు మాటలు అక్షరాల్లో వచ్చేవి. అంటే చేతిలో టీవీ చూసేదే కాదు, చదివేది కూడా.

2011 మార్చి 11

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు జపాన్ ఈశాన్య తీరానికి దూరంగా, సముద్రం అడుగున భూమి కంపించింది. దాని తీవ్రత 9.0. జపాన్‌లో కొలతలు మొదలైన తర్వాత అంత పెద్ద భూకంపం రాలేదు.

ఆ సమయంలో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. పార్లమెంటు సమావేశం చూపిస్తోంది. ఆ బొమ్మ మీదే భూకంపం హెచ్చరిక వచ్చింది. మూడు నిమిషాల్లో, అంటే 2 గంటల 49 నిమిషాలకు, వాతావరణ శాఖ పెద్ద సునామీ హెచ్చరిక ఇచ్చింది. మియాగి తీరానికి 6 మీటర్ల అల వస్తుందని చెప్పింది. ఇవాతె, ఫుకుషిమా తీరాలకు 3 మీటర్లు అని చెప్పింది.

ఈ లెక్క తక్కువ. భూకంపం ఎంత పెద్దదో మొదటి మూడు నిమిషాల్లో పూర్తిగా తెలియలేదు. 3 గంటల 14 నిమిషాలకు వాతావరణ శాఖ లెక్క మార్చింది. మియాగికి 10 మీటర్లకు పైగా, ఇవాతె, ఫుకుషిమాలకు 6 మీటర్లు అని చెప్పింది. తర్వాత ఆ అంకెను ఇంకా పెంచింది.

ఇక్కడే ప్రమాదం జరిగింది. భూకంపంతో చాలా ఊళ్లలో కరెంటు పోయింది. ఇళ్లలోని టీవీలు ఆగిపోయాయి. మొదటి అంకె విన్నవాళ్లలో చాలామందికి రెండో అంకె అందలేదు. 3 మీటర్లే కదా, కట్ట ఆపుతుంది అనుకున్నవాళ్లు ఉన్నారు. అల ఆ కట్టల మీదుగా దూకి వచ్చింది. ఆ విపత్తులో 18 వేలకు పైగా మంది చనిపోయారు, లేదా కనపడకుండా పోయారు.

ఫోన్ల సంగతి ఏమైంది? అందరూ ఒక్కసారిగా తమవాళ్లకు ఫోన్లు చేశారు. ఆ తాకిడికి వ్యవస్థ కూలిపోకుండా కంపెనీలు కాల్స్‌ను తగ్గించాయి. కొన్ని కంపెనీలు నూటికి 90కి పైగా కాల్స్‌ను ఆపేశాయి. సుమారు 29,000 సెల్‌టవర్లు పనిచేయకుండా పోయాయి. కొన్ని దెబ్బతిన్నాయి. చాలావాటికి కరెంటు లేదు. ఉత్తరం పద్ధతి ఇలా ఇరుక్కుపోయింది.

చాటింపు పద్ధతి మాత్రం ఇరుక్కోదు. టీవీ టవరు నిలబడి ఉంటే, దానికి జనరేటరు ఉంటే, ఎంతమంది చూసినా ఒకే భారం. కరెంటు పోయిన ఊళ్లో కూడా చేతిలో వన్‌సెగ్ ఫోను ఉన్నవాళ్లకు, కారులో టీవీ ఉన్నవాళ్లకు బొమ్మ చూసే వీలు ఉండింది. మారిన అంకె తెలిసే వీలు ఉండింది. అర మీటరు తెర అక్కర్లేదు. అరచేయి తెర చాలు. అందులో ఒక్క అంకె కనపడితే చాలు.

అయితే వన్‌సెగ్ అన్నిటికీ మందు కాదు. టీవీ చూస్తూ ఉంటే ఫోను బ్యాటరీ తొందరగా అయిపోతుంది. తర్వాత మాట్లాడటానికి ఉండదు. కొండల చాటున సిగ్నలు రాదు. డిజిటల్ బొమ్మ అంకెల నుంచి మళ్లీ బొమ్మ కావడానికి కొద్ది సెకన్లు పడుతుంది. భూకంపం హెచ్చరికకు ఆ కొద్ది సెకన్లు కూడా విలువైనవే.

జపాన్ వాళ్లు ఈ విపత్తు నుంచి ఇంకొక పాఠం కూడా నేర్చుకున్నారు. 2013 మార్చి నుంచి వాతావరణ శాఖ పద్ధతి మార్చింది. మరీ పెద్ద భూకంపం వస్తే మొదటి హెచ్చరికలో మీటర్ల అంకె చెప్పరు. చాలా పెద్ద అల అని మాటలో చెబుతారు. సరైన లెక్క తెలిశాక అంకె చెబుతారు. తక్కువ అంకె విని జనం ఆగిపోకూడదని ఈ మార్పు చేశారు. హెచ్చరిక వేగంగా పోవడం ఒక్కటే చాలదు. విన్నవాడు లేచి పరుగెత్తేలా ఉండాలి.

మంచి పద్ధతి అయితే ఎందుకు వెనకబడింది?

జపాన్ ఒక్కటే కాదు, ఇంకా చాలా దేశాలు ఈ పని మొదలుపెట్టాయి. దక్షిణ కొరియాలో 2005 మే నెలలో ఉపగ్రహం నుంచి ఫోన్లకు టీవీ వచ్చింది. దానికి డబ్బు కట్టాలి. అదే ఏడాది డిసెంబరులో నేల మీది టవర్ల నుంచి ఉచిత ప్రసారం మొదలైంది. ఉచితంగా వచ్చేది దొరికాక డబ్బు కట్టేవాళ్లు ఎందుకుంటారు? ఉపగ్రహం సేవ 2012లో ఆగిపోయింది.

ఇటలీలో 2006లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సమయంలో మొదలైంది. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ 2007 నుంచి నడిపింది. చందాదారులు చాలినంతమంది రాలేదు. 2011 మార్చిలో ఆపేసి, తన గాలి జాగాను ఒక ఫోను కంపెనీకి అమ్మేసింది. జపాన్‌లో కూడా 2012లో నెలకు 420 యెన్లు తీసుకునే కొత్త మొబైల్ టీవీ ఒకటి మొదలైంది. చూసేవాళ్లు చాలక 2016 జూన్‌లో మూతపడింది.

దీనికి మూడు కారణాలు కనపడతాయి.

మొదటిది ఫోను. ఈ టీవీ చూడాలంటే ఫోనులో ఒక చిప్పు, ఒక యాంటెన్నా ఉండాలి. ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క పద్ధతి. జపాన్ ఫోను ఇటలీలో పనికిరాదు. ప్రపంచమంతా అమ్మే కంపెనీలు ఒక్క దేశం కోసం చిప్పు పెట్టడానికి ఇష్టపడలేదు. అమెరికా కంపెనీ ఆపిల్ అమ్మే ఐఫోన్లు జపాన్‌లో బాగా అమ్ముడుపోయాయి. వాటిలో వన్‌సెగ్ లేదు.

రెండోది ఇంటర్నెట్. డేటా ధర తగ్గింది, వేగం పెరిగింది. కావలసింది కావలసినప్పుడు చూసే అలవాటు పెరిగింది. చాటింపు వినడం తగ్గింది.

మూడోది డబ్బు. చాటింపు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? జపాన్‌లో వన్‌సెగ్‌కు విడిగా రుసుము లేదు. కానీ టీవీ ఉన్నవాళ్లు ఎన్.హెచ్.కె.కు చందా కట్టాలని అక్కడ చట్టం ఉంది. వన్‌సెగ్ ఫోను ఉంటే కూడా కట్టాలా అని కోర్టుల్లో వాదన జరిగింది. కట్టాల్సిందే అని 2019 మార్చిలో జపాన్ సుప్రీంకోర్టు దగ్గర తేలింది. దాంతో ఆ ఫోను వద్దనుకునేవారికి ఇంకొక కారణం దొరికింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ కారణాలన్నీ మామూలు రోజుల లెక్క. మామూలు రోజున ఇంటర్నెట్ చాలు. కష్టం వచ్చిన రోజున చాటింపు కావాలి. ఆ ఒక్క రోజు కోసం ఏ వ్యాపారీ తనంతట తాను టవరు నడపడు. వానాకాలంలో మాత్రమే పొర్లే వాగు మీద వంతెన కట్టినట్టే ఇది కూడా. అలాంటి పని అందరి డబ్బుతో, అందరి కోసం జరగాల్సిన పని.

మన దేశంలో ఏం జరిగింది?

మన దగ్గర కూడా ప్రయోగాలు జరిగాయి. 2007లో దూరదర్శన్ ఢిల్లీలో యూరప్ పద్ధతిని పరీక్షించింది. 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో కొత్త డిజిటల్ ప్రసారం మొదలుపెట్టింది. ఫోనుకు ఒక చిన్న పరికరం తగిలిస్తే దూరదర్శన్ ఛానెళ్లు ఇంటర్నెట్ లేకుండా వచ్చేవి. కానీ ఆ పరికరాన్ని విడిగా కొనాలి. అది జనంలోకి పెద్దగా పోలేదు.

తర్వాత కాన్పూరు ఐఐటీ వాళ్లు, ఇతరులు కలిసి ఇంకొక పద్ధతి మీద పనిచేశారు. దాన్ని డైరెక్ట్ టు మొబైల్ అంటారు. టవరు నుంచి నేరుగా ఫోనుకు అని అర్థం. 2023లో బెంగళూరు, ఢిల్లీ, నోయిడాల్లో పరీక్షలు జరిగాయి. 19 నగరాల్లో పరీక్షిస్తామని 2024 జనవరిలో కేంద్ర ప్రసార శాఖ కార్యదర్శి చెప్పారు. ఫోను కంపెనీలు కొన్ని అభ్యంతరం చెప్పాయి. కొత్త చిప్పు పెడితే ఫోను ధర పెరుగుతుందని వాటి వాదన.

మనకు దీని అవసరం ఉందా? కోస్తా జనానికి ఈ ప్రశ్న వేయనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. ముందుగా హెచ్చరిక అందింది కాబట్టి ఎంతోమందిని సురక్షిత చోట్లకు తరలించగలిగారు. కానీ తుపాను తర్వాత కరెంటు పోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, తమవాళ్లు ఎలా ఉన్నారు అని తెలుసుకోవడం కష్టమైంది.

చిన్న చాటింపు ఒకటి మన ఫోన్లలోకి ఇప్పటికే వచ్చింది. 2023లో మన దేశంలో చాలాచోట్ల ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగాయి. తెర మీద ఒక సందేశం కనపడింది. జనం కంగారుపడ్డారు. అది విపత్తు హెచ్చరిక కోసం ప్రభుత్వం చేసిన పరీక్ష. సెల్‌టవరు తన చుట్టూ ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి ఒకే సందేశం పంపింది. ఎవరి నంబరూ అక్కర్లేదు. ఇది కూడా చాటింపు పద్ధతే. కానీ ఇందులో బొమ్మ రాదు. అక్షరాలే వస్తాయి. సెల్‌టవరు పడిపోతే అదీ రాదు.

మనం చేయగలిగింది

టవర్లు కట్టడం, చిప్పులు పెట్టడం మన చేతిలో లేదు. కొన్ని పనులు మాత్రం మన చేతిలో ఉన్నాయి.

తుపాను వస్తుందని వినగానే ఫోనుకు పూర్తిగా చార్జింగు పెట్టుకోవాలి. తర్వాత ఫోనులో ఆటలు, పాటలు ఆపాలి. బ్యాటరీ రేడియో ఉంటే దగ్గర ఉంచుకోవాలి. అది చాలా పాతదే, కానీ చాటింపు వినడానికి దాన్ని మించింది లేదు. కరెంటు లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా అది పలుకుతుంది.

ఒకసారి హెచ్చరిక విని ఊరుకోకూడదు. లెక్క మారవచ్చు. జపాన్‌లో జరిగింది గుర్తుంచుకోవాలి. మొదటి అంకె 3, తర్వాతి అంకె 6. ఆ రెండు అంకెల నడుమ 25 నిమిషాలు. ఆ 25 నిమిషాల్లో కొండ ఎక్కినవాళ్లు బతికారు.

ఇక చివరి మాట. ఫోను తెర మీద హెచ్చరిక అక్షరాల్లో వస్తుంది. చదవగలిగితేనే అది హెచ్చరిక. చదవలేకపోతే అది వట్టి శబ్దం. ఇప్పుడు చదవడం నేర్చుకున్నవాళ్లు తమ ఇంట్లో ముసలివాళ్లకు, పక్కింట్లో చదవడం రానివాళ్లకు ఆ నాలుగు మాటలూ చదివి వినిపించాలి. టవరు చాటింపు ఫోను దాకా వస్తుంది. ఫోను నుంచి ఇంటింటికీ మోసుకుపోవాల్సింది మనిషే.

ఆలోచించి చెప్పండి

చాటింపుకూ ఉత్తరానికీ తేడా ఏమిటి? టీవీ టవరు దేనిలాంటిది?

జపాన్ వాళ్లు గాలి జాగాను ఎన్ని భాగాలు చేశారు? చేతి టీవీకి ఎన్ని ఇచ్చారు?

2011లో రెండో హెచ్చరిక చాలామందికి ఎందుకు అందలేదు?

మీ ఊళ్లో కరెంటు, ఫోను రెండూ పోతే కబురు ఎలా తెలుస్తుంది? మీ కేంద్రంలో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.